మా కుమారదేవపు యాత్ర

2024 వ సంవత్సరము కార్తికమాసమున పట్టిసీమకు పోయి వీరభద్రస్వామిని సేవింపవలెనని మా అత్తగారు కోరిరి. వారు నోరు తెఱచి యొక కోరిక కోరుట యరుదు. కావున మావారు బడికి సెలవైన యొక ఆదివారమునాడు అద్దెకారు కుదిర్చి, అత్తగారిని, పిల్లల నిద్దఱిని, మమ్మును వెంటబెట్టుకొని తెల్లవారకమునుపే బయలుదేరిరి. కారెక్కిన తరువాత అత్తగారు మఱియొక మాట చెప్పిరి. త్రోవలో కుమారదేవమున ఆగి, అచ్చటి సినిమాచెట్టును చూచి పోవలెనట. ఆ రెండవ కోరికవలననే మా యింట రెండు నెలలుగా నున్న చిక్కొకటి విడిపోయినది. పట్టిసీమ మాహాత్మ్యమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. మేము ఆ చెట్టును గూర్చియు, మా చిక్కును గూర్చియు సోదరీమణులకు విన్నవించుకొందుము.

చిక్కును ముందు చెప్పవలెను. మా చిన్ననాట ఏ చిత్రము చూడవలెనను ప్రశ్నయే లేదు. టీవీలో ఏది వేసిన అదియే చిత్రము. ఇంటిల్లిపాదియు చాపమీద కూర్చుండి చూచెడివారము. ఇప్పుడు టీవీకి ఇంటర్నెట్టు కలిపిరి. మీట నొక్కగానే తెలుగు, తమిళము, హిందీ, కొరియా మొదలగు నానాభాషల చిత్రములును, ధారావాహికలును వందలకొలది బారులు తీరి నిలుచును. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. దానికి కొరియా ధారావాహికలు కావలెను. పిల్లవానికి బొమ్మల చిత్రములు, మావారికి న్యాయస్థానపు వాదములు గల కథలు కావలెను. ఏది చూతమను తగవులోనే అరగంట గడచును. తుదకు ఎవరికిని ఇష్టము కానిదొకటి పెట్టుకొని, సగములో కునుకుపట్లు పడి లేచిపోవుదుము.

మా తండ్రిగారు మాకు ఇంటనే భారతమును, నైషధమును చెప్పిరి. స్వయంవరసభలో దమయంతి యెదుట నలుని రూపముతో అయిదుగురు కూర్చుండిరి గదా! అందు నలుగురు దేవతలు, ఒక్కడే నలుడు. తెరమీద వరుసగా నిలిచిన ఆ చిత్రపటములను చూచినప్పుడెల్ల మాకా సభయే జ్ఞప్తికి వచ్చును. అన్నిటను ఒకే తీరు చీకటి, ఒకే తీరు కోపపు ముఖము, చేత నొక ఆయుధము. దమయంతికి గుఱుతులు దొరకినవి. దేవతల కన్నులు ఱెప్ప వేయవు, మేన చెమట పట్టదు, పూలదండ వాడదు, పాదములు నేల నంటవు, నీడ పడదు. నలునకు చెమటయు, ధూళియు, వాడిన దండయు, నీడయు కలవు. ఆమె ఆ వాడిన దండవానినే వరించినది. మేము ఈ కథను ఎన్నిసారులు చదివియుంటిమో లెక్కలేదు. ఆ గుఱుతులను మా టీవీ యెదుట ఎట్లు చూడవలెనో మాత్రము మాకు తట్టలేదు.

ఇట్లుండగా ఆ భాద్రపదమాసమున నొక రాత్రి, అందఱును చూచుచున్నారని తెరమీద వ్రాసియున్నందున, మేమొక క్రొత్త ధారావాహికను పెట్టితిమి. మొదటి భాగము బాగుగనే యుండెను. రెండవ భాగము నడుమ, పెద్దలయెదుటను పిల్లలయెదుటను చూడదగని దృశ్యమొకటి హఠాత్తుగా వచ్చినది. మేము రిమోటుకై తడుముకొనునంతలో అది మంచము క్రింద పడినది. మావారు లేచి తీగను లాగివేసిరి. అప్పటికే అత్తగారు లేచి వీధియరుగుమీదికి పోయిరి. ఆ దినము మొదలు వారు టీవీ గదిలోనికి రాలేదు. వారికి అసహ్యము కలిగినదని మేమనుకొంటిమి. అపచారమునకు ప్రాయశ్చిత్తముగా మఱునాటి నుండి వారికొఱకు పాత పౌరాణిక చిత్రములు పెట్టి పిలిచితిమి. "మీరు చూడండి" అని వారు జపమాల త్రిప్పుకొనుచు కూర్చుండిరి. ఇంటిలో నొకరు అరుగుమీద ఒంటరిగా నుండగా, తక్కినవారు లోపల నవ్వుకొనుట మాకెంత కష్టముగా నుండెనో చెప్పజాలము.

ఇక యాత్రను గూర్చి. రాజమహేంద్రవరము చేరునప్పటికి తూర్పు ఎఱ్ఱవాఱుచుండెను. 1974 లో ప్రారంభమైన రైలు రోడ్డు వంతెనమీదుగా గోదావరిని దాటితిమి. పైన రోడ్డు, క్రింద రైలు. రోడ్డు నిడివి 4 కిలోమీటర్లకు పైమాట. నదిలో 1900 నుండి 1997 వఱకు రైళ్లను మోసి విశ్రమించిన హేవలాకు వంతెన మంచులో నిలిచియుండెను. ఈ యూరికిని చిత్రములకును బంధుత్వము నేటిది కాదని మావారు పిల్లలకు చెప్పిరి. 1936 లోనే నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ అను స్టూడియోను నెలకొల్పిరి. 'సంపూర్ణ రామాయణము' అచ్చట తయారైనది. తరువాత 1964 లో వచ్చిన 'మూగమనసులు' మొదలుకొని, పడవయే ఇల్లుగా సాగిన 'అందాల రాముడు' (1973), ఇటీవలి 'గోదావరి' (2006) వఱకు ఈ నదియే ఎన్ని కథలకో నాయికయైనది.

కొవ్వూరున గోష్పాదక్షేత్రము కడ స్నానములు చేసితిమి. కార్తికదీపములు దొప్పలలో తేలిపోవుచుండెను. అచ్చటినుండి గట్టు వెంబడి పోవు త్రోవలోనే కుమారదేవము కలదు.

సినిమాచెట్టు నిద్రగన్నేరు జాతిది. చీకటిపడగానే ఆకులు ముడుచుకొని నిద్రించును గనుక దానికా పేరు. వయస్సు సుమారు 150 ఏండ్లు. గొడుగువలె గుండ్రముగా కొమ్మలు సాచి, గోదావరి యొడ్డున నిలిచిన ఆ వృక్షమును చూచి దర్శకులు మనసుపడిరి. 1976 లో విడుదలయైన 'పాడిపంటలు' మొదలుగా మూడువందలకు పైగా చిత్రములను దాని నీడను తీసిరని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. అట్టి చెట్టు 2024 ఆగస్టు నెలలో, నీటి కోతకు గట్టు తెగి, కూలిపోయినది. దానిని మరల బ్రదికింపవలెనని వృక్షప్రేమికులు మొదలునకు చికిత్స చేయించిరి. మేము పోవునప్పటికి లేత చిగుళ్లు తొడిగియుండెను. ఆ చిగుళ్లప్రక్కన, కొమ్మలు లేని ఆకాశము బోసిగా కనబడినది.

అత్తగారు ఆ మొదలును చేతితో నిమిరిరి. కొంతసేపటికి వారే చెప్పసాగిరి. వారి పుట్టినిల్లు ఆ చుట్టుప్రక్కలదే. 1975 లో వారికి పదునాఱేండ్లట. కృష్ణగారును, విజయనిర్మలగారును 'పాడిపంటలు'కై వచ్చినారని విని, అక్కగారితో గట్టు వెంబడి నడచివచ్చి, ప్రొద్దుటినుండి మధ్యాహ్నము వఱకు ఎండలో నిలుచుండిరట. ఒక్కమాటకొఱకు అదే దృశ్యమును మాటిమాటికిని తీయుట చూచి ఆశ్చర్యపడిరట.

"మరి సినిమా ఎలా వచ్చింది నాయనమ్మా?" అని మా అమ్మాయి యడిగినది.

"ఏమోనే! ఆ సంక్రాంతికి విడుదలైంది. మగవాళ్లు వెళ్లి చూసొచ్చారు. ఆడపిల్లలు తరవాత చూడొచ్చులే అన్నారు. ఆ వేసంగికి నాకు పెళ్లైపోయింది. నేను చూడలేదు."

నలువది యెనిమిది సంవత్సరములు గడచినవి. ఈ మాట మా యింట నెవ్వరును ఎఱుగరు. మావారు కూడ తల్లిముఖము చూచుచు నిలిచిపోయిరి. మేము ధైర్యము తెచ్చుకొని, "అత్తయ్యగారూ, ఆ రాత్రి జరిగినదానికి మా మీద కోపం ఇంకా పోలేదా?" అని యడిగితిమి.

వారు మా వంక తిరిగి, "సిగ్గుపడ్డమాట నిజమే అమ్మాయీ. కాని అందుకు రెండు నెలలు అలుగుతానా? మొదట నన్ను అడక్కుండా అది పెట్టారు. తరవాత నన్ను అడక్కుండానే భక్త ప్రహ్లాద పెట్టారు. నాకేం కావాలో మీరెవరైనా అడిగారా?" అనిరి.

మాకు బదులు దొరకలేదు. అత్తగారు పెద్దవారు గనుక దేవతల చిత్రములే కోరుదురని మేము నిశ్చయించితిమి. ఆనాడు మగవారు ఆడపిల్లలను అడుగలేదని మేమిప్పుడు జాలిపడుచున్నాము. ఆ పనియే, భక్తితో, మేమును చేసితిమి. వయస్సును చూచి రుచిని నిర్ణయించుట వడ్డనలోనే తప్పుగదా, వినోదమున నెట్లు ఒప్పగును?

"అయితే ఇవాళే పాడిపంటలు వెతికి పెడతాను" అని అమ్మాయి ఉత్సాహపడినది.

"అదీ చూద్దాంలే. నాకు కొత్తవి కూడా కావాలి. వాటిల్లో ఏముందో ముందు చెప్పు" అని అత్తగారు కారెక్కిరి.

పట్టిసీమయొద్ద రేవునుండి లాంచీ యెక్కితిమి. నడియేటిలో కొండమీద కోవెల. ఆ ప్రయాణమంతయు మా అమ్మాయి ఫోనులో క్రొత్త చిత్రముల వివరములు చదువుచుండ, అత్తగారు ప్రశ్నలు వేయుచుండిరి. ఒక పెద్ద చిత్రము వచ్చినది. కథానాయకుడు నూఱుమందిని కొట్టునట.

"వాడు ఏం చేసి బతుకుతాడే?"

"అది చెప్పలేదు నాయనమ్మా."

"వాళ్లింట్లో వంట ఎవరు చేస్తారు?"

"వంటిల్లు చూపించరు."

"పోనీ, వాడికి అంత కోపం ఎందుకొచ్చింది?"

"కోపం మొదటినుంచీ ఉంటుంది."

"అయితే ఆకలి లేనివాళ్ల కథ మనకెందుకు? ఇంకోటి చదువు."

లాంచీలోని వారందఱును నవ్విరి. మేము మాత్రము ఉలికిపడితిమి. దమయంతి చూచిన గుఱుతులివియే గదా! చెమట పట్టనివాడు, నేల నంటనివాడు నలుడు కాడు. నైషధము చదివిన మాకు తోచనిది, అయిదవ తరగతితో చదువు మానిన అత్తగారికి తోచినది. "మాయాబజారులో అన్నీ మాయలేగదా, మరి అది ఎందుకు నచ్చింది?" అని మావారు తల్లిని పరీక్షింపబోయిరి. "ఘటోత్కచుడికి ఆకలేసింది కదురా! పెళ్లివారి వంటంతా తినేశాడు" అని వారు వెంటనే బదులిచ్చిరి. కావున మాయలుండుట తప్పు కాదు. మనుష్యులుండవలెను. అంతియేకాదు, నిజమైన ఊరిలో తీసినంత మాత్రమున కథ నిజమగునా? ఒకే చెట్టు మూడువందల చిత్రములకు నీడ నిచ్చినది. అవన్నియు మంచివని ఎవ్వరును చెప్పరు.

దర్శనము చేసికొని, ఇసుకలో పులిహోర తిని, చీకటిపడునప్పటికి ఇల్లు చేరితిమి.

ఆ మఱుసటి శనివారము మొదలు మా యింట నొక పద్ధతి యేర్పడినది. వారమునకొకరు ఎన్నుకొందురు. తక్కినవారు అత్తగారి మూడు ప్రశ్నలను అడుగవచ్చును గాని ఎగతాళి చేయరాదు. ఎన్నుకొన్న చిత్రమును అరగంటయైనను చూచి, అప్పటికిని నచ్చనిచో ముగ్గురి మాటతో ఆపవచ్చును. దేనిని చూడవలెనో భోజనములకు ముందే నిశ్చయింపవలెను. కడుపు నిండిన తరువాత బుద్ధి మందగించి, మొదట కనబడినదానికే చేయి పోవును.

పిల్లలున్న యిండ్లవారు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. 2021 లో వచ్చిన కేంద్రప్రభుత్వ నియమముల ననుసరించి ఇంటర్నెట్టులో వచ్చు చిత్రములకును ధారావాహికలకును వయస్సును బట్టి గుఱుతులు వేయవలెను. 'యు' అన్నచో అందఱును చూడవచ్చును. 'యు/ఎ 7+', '13+', '16+' అన్నచో ఆ యీడు రాని పిల్లలు పెద్దల మార్గదర్శనముతో చూడవలెను. 'ఎ' పెద్దలకు మాత్రమే. హింస, అసభ్యభాష మొదలగునవి యున్నచో ఆ సంగతిని గూడ ప్రారంభమున చూపవలెను. 13+ మొదలు పైవానికి తల్లిదండ్రులు తాళము వేసికొను వీలు కూడ కల్పింపవలెను. సినిమాహాలులో వచ్చు చిత్రములకు సెన్సారువారిచ్చు 'యుఎ' పత్రమును గూడ 2024 నుండి ఇట్లే మూడు మెట్లుగా విభజించిరి. మేము ఆ రాత్రి పెట్టిన ధారావాహికపై కూడ ఆ గుఱుతు ఒక మూల చిన్న యక్షరములతో నుండెను, మేము చూడలేదు. తప్పు మాదే. ఇప్పుడు మావారు తాళము వేసిరి. అంకెలు మాయిద్దఱికే తెలియును.

ధారావాహికలకు మఱియొక జాగ్రత్త కావలెను. చిత్రము రెండున్నర గంటలలో ముగియును. ధారావాహిక పది భాగములై, భాగము ముప్పావుగంటయైనచో ఏడున్నర గంటలగును. బియ్యము కొలిచి పోసినట్లు ముందుగనే కొలిచికొనవలెను. మొదటి రెండు భాగములను పిల్లలు నిద్రించిన తరువాత మేమిద్దఱము చూచి, ఆపైననే అందఱి యెదుట పెట్టుదుము. ఒక భాగము ముగియగానే తరువాతిది తనంతట తాను మొదలగు ఏర్పాటును మా అమ్మాయియే తీసివేసినది.

మొదటి వారము అత్తగారిది. క్రొత్తవానిలో వారు '35 చిన్న కథ కాదు' అను దానిని ఎన్నుకొనిరి. 2024 సెప్టెంబరులో సినిమాహాళ్లకు వచ్చి, అక్టోబరులో ఆహాలో చేరిన చిత్రమది. దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో నొక సామాన్య గృహము. తండ్రి బస్సు కండక్టరు. వంట చేయు తల్లి సరస్వతి. విలువ లేని సున్న ఒకటి ప్రక్కన చేరగానే తొమ్మిదికంటె పెద్దసంఖ్య యెట్లగునని అడుగు కొడుకు లెక్కలలో వెనుకబడును. పదవ తరగతి దాటని ఆ తల్లి, కొడుకునకు చెప్పుటకై తాను లెక్కలు నేర్చును. ముప్పదియైదు ఉత్తీర్ణతకు కావలసిన మార్కులు. మూడు ప్రశ్నలకును జవాబు దొరకినది. చిత్రము ముగిసిన తరువాత అత్తగారు మావారిని పిలిచి, "ఒరే, సున్న సంగతి నాకూ చెప్పరా" అనిరి. ఇరువది యేండ్లుగా పరుల బిడ్డలకు పాఠములు చెప్పు మావారు, ఆ రాత్రి పలకమీద తల్లికి స్థానవిలువలు చెప్పిరి.

మావారి వంతున '90s ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' చూచితిమి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆరు భాగముల ధారావాహిక అది. అందలి తండ్రి లెక్కల మాస్టరే. మార్కులకై పిల్లలను గదుముట చూచి మావారు మొదట నవ్విరి. నాలుగవ భాగమునకు మౌనము వహించిరి. అమ్మాయి వంతున వేణు యెల్దండిగారి 'బలగం' (2023) చూచితిమి. తెలంగాణపల్లెలో తాత మరణించగా, పిండమును కాకి ముట్టక, పగలు పట్టిన బంధువులందఱును మరల ఒకచోట చేరు కథ. ఆ చిత్రమును ఊళ్లలో బహిరంగముగా తెర కట్టి జనులందఱును కలసి చూచిరట. కొరియా ధారావాహికలే కోరు పిల్ల దానిని ఎన్నుకొనుట మాకు వింతగా తోచినది. దాని రుచిని గూడ మేమే నిర్ణయించితిమి కాబోలు! మా వంతున మాత్రము, పేరు పురాణసంబంధమైనదని మురిసి యొకదానిని తెచ్చితిమి. అందు ఒక్కరికిని నీడ లేదు. అరగంటలో ముగ్గురు చేతులెత్తిరి. చదువుకొన్న కోడలికి ఆ వారము గర్వభంగమైనది.

2025 సంక్రాంతినాడు, పిండివంటల పని ముగించి, 'పాడిపంటలు' చూచితిమి. అత్తగారు ముందువరుసలో కుర్చీ వేయించుకొనిరి. నడుమ నొకచోట వారు ముందునకు వంగి, "మేం ఇటు పక్కన నిలబడ్డాం. కనపడం" అనిరి. తరువాత చివరివఱకు కదలక చూచిరి.

సోదరీమణులారా! మన యిండ్లలో ఎవరికేమి వడ్డింపవలెనో మనకు తెలియునను నమ్మకము మనకు మెండు. చిత్రమును పెట్టుటకు ముందు ఇంటిలోని పెద్దమ్మను ఒక్కసారి అడుగుడు. ఆమె ఏమి కోరునో మీకును తెలియకపోవచ్చును.